అమరుల పేర్లు మన ధ్రువపత్రాలు కావు

(స్వాతంత్ర్య దినోత్సవానికి ముందురోజు, 2025 ఆగస్టు 14 సాయంత్రం, ముస్లిం కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)



రేపు తెల్లవారితే ఆగస్టు 15. మన దేశానికి స్వాతంత్ర్యం లభించి 78 సంవత్సరాలు నిండుతాయి. మన పిల్లల బడులలో, మదరసాలలో, వీధి కూడళ్ళలో జెండా ఎగురుతుంది. ఈ సందర్భంలో స్వాతంత్ర్యోత్సవాల గురించి, దేశసేవలో సైనికుల పాత్ర గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. నేను సైనికుణ్ణి కాను. జీవితమంతా చరిత్ర పాఠాలు చెప్పి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. యుద్ధవిద్య గురించి చెప్పే అర్హత నాకు లేదు. ముందు వరుసలో కూర్చున్న మాజీ హవల్దార్లు, సుబేదార్లు ఆ పని నాకంటే బాగా చేయగలరు. నేను చరిత్ర చదివినవాడిగా, ఒక పిల్లకు తాతగా కొన్ని మాటలు చెప్పుకుంటాను.

గత నెలాఖరున మా మనుమరాలు బడి నుండి వచ్చి నా దగ్గర కూర్చున్నది. ఎనిమిదవ తరగతి చదువుతున్నది. ఆగస్టు 15న బడిలో ఉపన్యాస పోటీ. ఒక అమ్మాయికి రైతు గురించి, మరొకరికి నీటి పొదుపు గురించి, ఇంకొకరికి చంద్రయాన్ గురించి మాట్లాడమని చెప్పారు. మా పిల్లకు, ఆ తరగతిలోనే ఉన్న మరో ముస్లిం బాలికకు మాత్రం "దేశభక్తులైన ముస్లింలు" అన్న అంశం ఇచ్చారు. ఆ ఉపాధ్యాయురాలు చెడు తలంపుతో ఇచ్చారని నేను అనుకోను. గౌరవంతోనే ఇచ్చి ఉంటారు. పిల్ల నన్ను అడిగి పేర్లు రాసుకున్నది. అష్ఫాఖుల్లా ఖాన్, మౌలానా ఆజాద్, బ్రిగేడియర్ ఉస్మాన్, అబ్దుల్ హమీద్, అబ్దుల్ కలాం. పేజీ నిండాక కలం పక్కన పెట్టి అడిగింది: "దాదా, రైతు గురించి మాట్లాడే అమ్మాయి రైతు గురించే మాట్లాడుతుంది కదా! నేను ఎవరి గురించి మాట్లాడుతున్నట్టు? వీళ్ళ గురించా, నా గురించా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ సాయంత్రం ఇక్కడ చెప్పదలచినది ఆ పిల్లకు ఇవ్వవలసి ఉన్న జవాబే.

సోదర సోదరీమణులారా! సైనికుడు ఎవరికి సేవ చేస్తాడు? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని, మన దేశ స్వాతంత్ర్య చరిత్రలో సగం ఈ ప్రశ్నలోనే ఉన్నది. పాత ఉర్దూ, హిందీ రచనలలో ఈస్టిండియా కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవారు. తొలి రోజులలో కంపెనీ కొలువులో చేరిన సిపాయిలలో తెలుగు నేల నుండి వెళ్ళినవారు ఎక్కువగా ఉండటం వల్ల ఆ పేరు స్థిరపడింది. ఆ సిపాయి చేతిలోని తుపాకి కంపెనీది, జీతం కంపెనీది, గెలిచిన భూమి కూడా కంపెనీదే. అతడు సేవ చేసినది తన దేశానికి కాదు. ఆ సంగతి అతనికి తెలియకపోలేదు.

1780 అక్టోబరు 3న మన విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలను ఓడ ఎక్కి మద్రాసుకు వెళ్ళమని ఆజ్ఞాపించారు. అక్కడ హైదర్ అలీ సైన్యంతో పోరాడాలి. వారు ఓడ ఎక్కడానికి నిరాకరించారు, ఆయుధాలు ఎత్తారు. వారికి ముందు నిలిచినవాడు సుబేదార్ షేక్ మొహమ్మద్. ఆ తిరుగుబాటు అణగిపోయింది. మన పాఠ్యపుస్తకాలలో దానికి చోటు తక్కువ. అయినా 1857కు 77 సంవత్సరాల ముందే తెలుగు తీరంలో ఒక సిపాయి దళం, ఈ యుద్ధం మాది కాదని చెప్పిందన్న సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి.

1806 జూలై 10న వేలూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా ధరించాలని, నుదుట బొట్టు, విభూతి ఉండరాదని, చెవిపోగులు తీసివేయాలని, గడ్డాలు తమ ఇష్టప్రకారం పెంచరాదని అధికారులు ఉత్తర్వులు ఇచ్చారు. బొట్టు పెట్టుకునే సిపాయి, గడ్డం పెంచే సిపాయి ఆ అవమానాన్ని ఒకటిగానే అనుభవించారు, ఒకే రాత్రి లేచారు. కోటపై టిప్పు సుల్తాన్ పతాకం ఎగిరింది. ఆర్కాటు నుండి వచ్చిన ఆశ్విక దళం కొన్ని గంటలలోనే వందలాది సిపాయిలను చంపివేసింది.

1857లో బుల్ధానా నుండి ఢిల్లీ వైపు, తమ సోదరులపైకే వెళ్ళమన్నప్పుడు హైదరాబాద్ కంటింజెంటుకు చెందిన జమేదార్ చీదా ఖాన్, అతని సహచరులు నిరాకరించారు. నిజాం ప్రభుత్వం ఆశ్రయమిస్తుందని నమ్మి హైదరాబాదు చేరారు. సాలార్‌జంగ్ వారిని పట్టుకొని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. వారిని విడిపించడానికే జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ప్రజలను వెంటబెట్టుకొని కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. మౌల్వీని అండమానుకు పంపారు. ఆయన తిరిగి రాలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను తూప్రాన్ సమీపంలో కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. ఇదంతా మొదలైనది, సైనికుడికి కూడా మనస్సాక్షి ఉంటుందని చూపిన ఒక జమేదారు వల్ల.

ఆ తర్వాత తొమ్మిది దశాబ్దాలకు అదే ప్రశ్న సముద్రాల మీదికి వెళ్ళింది. హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళాడు. అక్కడ సుభాష్ చంద్రబోస్‌ను కలుసుకొని, చదువు వదిలి ఆయన వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుండి జలాంతర్గామిలో బయలుదేరిన బోస్ వెంట ఉన్న ఏకైక భారతీయుడు ఆయనే. మడగాస్కర్ సమీపంలో, అల్లకల్లోలమైన సముద్రంలో, జర్మన్ జలాంతర్గామి నుండి జపాన్ జలాంతర్గామిలోకి చిన్న రబ్బరు పడవలో మారారు. నేడు కోట్లాది నోళ్ళలో పలికే "జై హింద్" నినాదాన్ని రూపొందించిన ఘనత ఆయనదని చెబుతారు. జెండాలో ఏ రంగుకు ప్రాధాన్యం ఉండాలన్న వాదం వచ్చినప్పుడు, కాషాయం కూడా నాదేనని తెలుపుతూ తన పేరు చివర "సఫ్రానీ" అని చేర్చుకున్నాడట. స్వాతంత్ర్యం తరువాత విదేశాంగ సేవలో రాయబారిగా పనిచేసి, 1984లో హైదరాబాదులోనే కన్నుమూశాడు.

1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు ముగ్గురిపై రాజద్రోహ విచారణ మొదలైంది. షానవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సెహగల్, గుర్‌బక్ష్ సింగ్ ధిల్లాన్. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. బోనులో ముగ్గురినీ కలిపి నిలబెట్టినది బ్రిటిష్ వారే. దేశమంతా ఒకటై వారి పక్షాన నిలబడింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మె ప్రారంభించారు. సమ్మె సంఘానికి అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్. నౌకలపై బ్రిటిష్ పతాకం దించి కాంగ్రెసు, ముస్లిం లీగు, కమ్యూనిస్టు జెండాలను పక్కపక్కనే ఎగరవేశారు. మరుసటి సంవత్సరమే దేశం విడిపోయింది. దానికి ముందు యూనిఫారం వేసుకున్న యువకులు మరొక దారి చూపించారు.

ఇక స్వతంత్ర భారతం. దేశ విభజనలో సైన్యాన్ని కూడా పంచారు. రెజిమెంట్లను, గుర్రాలను, బ్యాండు వాయిద్యాలను కూడా పంచారు. బలూచ్ రెజిమెంటుకు చెందిన మొహమ్మద్ ఉస్మాన్ తన రెజిమెంటు పాకిస్తాన్‌కు వెళ్ళినా తాను వెళ్ళలేదు. ఆయన ఆజంగఢ్ ప్రాంతపు బీబీపూర్‌లో 1912లో పుట్టినవాడు, శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందినవాడు. 1947 డిసెంబరులో జమ్మూ ప్రాంతంలోని ఝంగర్ చేజారింది. దానిని తిరిగి పొందేవరకు మంచం మీద పడుకోనని ఆయన ప్రతిన పట్టాడు. డిసెంబరు, జనవరి చలిలో నేల మీద చాప పరచుకొని నిద్రించాడు. 1948 ఫిబ్రవరిలో నౌషేరాను నిలబెట్టాడు, మార్చిలో ఝంగర్‌ను తిరిగి సాధించాడు. అప్పుడే మంచం తెప్పించుకున్నాడు. నౌషేరాలో అనాథలైన బాలురను చేరదీసి, వారికి అన్నం పెట్టించి, చదువు చెప్పించి, "బాలక్ సేన" అని పేరు పెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. జీతంలో ఎక్కువ భాగం పేద పిల్లలకే పోయేది. 1948 జూలై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండు తగిలి ప్రాణాలు విడిచాడు. ముప్పై ఆరు నిండటానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ప్రధాని నెహ్రూ, మంత్రులు అంత్యక్రియలకు వచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా ప్రాంగణం పక్కన ఆయన ఖబర్ ఉన్నది. మరణానంతరం మహావీర చక్రం ఇచ్చారు.

అబ్దుల్ హమీద్ గాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో దర్జీ కుటుంబంలో పుట్టాడు. 1954లో సైన్యంలో చేరాడు. గ్రెనేడియర్స్ నాల్గవ బెటాలియన్‌లో క్వార్టర్ మాస్టర్ హవల్దారు. అంటే సామగ్రి లెక్కలు చూసే బాధ్యత కూడా ఆయనదే. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ సెక్టారులో చీమా గ్రామం దగ్గర ప్యాటన్ ట్యాంకుల దాడి వచ్చింది. ఆయన జీపుపై అమర్చిన రీకాయిల్‌లెస్ గన్‌తో చెరకు తోటల మాటున చోటు మారుస్తూ ట్యాంకులను ఒకదాని తర్వాత ఒకటి ధ్వంసం చేశాడు. చివరికి ఒక ట్యాంకు, ఆయన జీపు ఎదురెదురుగా నిలిచాయి. మరణానంతరం వచ్చిన పరమవీర చక్రాన్ని ఆయన భార్య రసూలన్ బీబీ స్వీకరించారు. ఆమె 2019లో పరమపదించేవరకు ఏటా భర్త సంస్మరణ జరుపుతూ వచ్చారు.

మన హైదరాబాదులోనే పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరాడు. విభజన సమయంలో ఎటు వెళ్ళాలన్న ఎంపిక తన ముందున్నప్పుడు ఇక్కడే ఉండిపోయాడు. 1978 నుండి 1981 వరకు భారత వైమానిక దళాధిపతి. తరువాత మహారాష్ట్ర గవర్నరు, ఫ్రాన్స్‌లో రాయబారి. 2018లో హైదరాబాదులోనే కన్నుమూశాడు.

సోదరులారా! ఈ పేర్లు విన్నప్పుడు మన గుండె ఉప్పొంగుతుంది. అది సహజం. నేను కూడా చరిత్ర తరగతిలో ఈ కథలు చెప్పినప్పుడు గొంతు గద్గదమయ్యేది. కాని కొంతకాలంగా మనలో ఒక అలవాటు స్థిరపడుతున్నది. ఎవరైనా మన దేశభక్తిని ప్రశ్నించిన వెంటనే ఈ పేర్ల జాబితా తీసి చూపుతున్నాం. ఆగస్టు 15 వస్తే, జనవరి 26 వస్తే సెల్‌ఫోన్లలో ఈ జాబితాలే తిరుగుతాయి. పోలీసు ఆపితే లైసెన్సు తీసి చూపినట్టు చూపుతున్నాం. ఈ అలవాటు వల్ల మూడు విధాల నష్టం కలుగుతున్నదని నేను భావిస్తున్నాను.

మొదటిది, రుజువు చూపిన క్షణమే అడిగినవానికి అడిగే హక్కు ఉన్నదని మనం ఒప్పుకున్నట్టవుతుంది. రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులని చెబుతున్నది. ముందుగా దేశభక్తి రుజువు చేసుకోమని, తరువాత సమానత్వం ఇస్తామని ఎక్కడా చెప్పలేదు.

రెండవది, ఈ జాబితాలో లేనివారి సంగతి ఏమిటి? మన వీధిలో పంక్చర్లు వేసే కుర్రవాడు ఉన్నాడు. బీడీలు చుట్టి బిడ్డలను చదివించే తల్లి ఉన్నది. వేకువజామున కూరగాయల బండి తోసుకుపోయే ముసలాయన ఉన్నాడు. వారు ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. వారి ఇంట్లో పతకం లేదు. వారి పౌరసత్వం ఉస్మాన్ గారి పౌరసత్వం కంటే తక్కువదా? దేశం కోసం ప్రాణమిచ్చినవానికే పూర్తి హక్కులు అన్న లెక్క మనం అంగీకరిస్తే, బ్రతికి ఉన్న కోట్లమంది అప్పులవాళ్ళుగా మిగులుతారు.

మూడవది, ఆ సైనికునికే మనం అన్యాయం చేస్తున్నాం. ఉస్మాన్ నౌషేరాలో నిలిచినది ఒక మతం పరువు కాపాడటానికి కాదు. అక్కడ పారిపోలేక మిగిలిన ప్రజలను కాపాడటానికి నిలిచాడు. అబ్దుల్ హమీద్ తన దళాన్ని, తన వెనుక ఉన్న గ్రామాలను కాపాడాడు. వారి బ్రతుకంతా తీసివేసి, ఒక పేరు, ఒక టోపీ మాత్రం మిగిల్చి జేబులో పెట్టుకుంటే అది గౌరవం అవుతుందా?

మరొక మాట చెప్పాలి. ఈ ధ్రువపత్రం పని కూడా చేయడం లేదు. 2017 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లో మదరసాలు స్వాతంత్ర్య వేడుకలు జరిపి, వాటిని వీడియో తీయించాలని ఉత్తర్వు వచ్చింది. తరతరాలుగా జెండా ఎగరవేస్తున్న చోట్లకు కూడా వెళ్ళింది ఆ ఉత్తర్వు. 2019 మే నెలలో అస్సాంలో మొహమ్మద్ సనావుల్లాను ట్రిబ్యునల్ విదేశీయునిగా ప్రకటించింది. సుమారు ముప్పై సంవత్సరాలు భారత సైన్యంలో పనిచేసి విరమణ పొందిన అధికారి ఆయన. నిర్బంధ శిబిరానికి పంపారు. హైకోర్టు బెయిలు ఇచ్చిన తర్వాత జూన్‌లో బయటికి వచ్చాడు. 2020 డిసెంబరులో ఉస్మాన్ గారి ఖబర్ పగిలి ఉండటం వెలుగులోకి వచ్చింది; సైన్యం దానిని బాగుచేయించింది. ఈ ఏడాది ఫిబ్రవరిలో ధాముపూర్‌లో అబ్దుల్ హమీద్ చదివిన పాఠశాల ద్వారంపై ఆయన పేరు మారిపోయింది. కుటుంబం, ప్రజలు ప్రశ్నించిన తర్వాత తిరిగి రాశారు. ఈ మే నెలలో దేశానికి యుద్ధ సమాచారం చెప్పిన కర్నల్ సోఫియా ఖురేషీ గురించి ఒక రాష్ట్ర మంత్రి నీచంగా మాట్లాడాడు. హైకోర్టు తనంతట తానే కేసు నమోదు చేయించింది, సుప్రీంకోర్టు తీవ్రంగా మందలించింది. ఆమె ఒంటి మీద సైనిక యూనిఫారం ఉన్నా అనుమానం ఆగలేదు.

ఈ సంఘటనలన్నింటిలో మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. సనావుల్లాను విడిపించినది పతకాల జాబితా కాదు, న్యాయస్థానం. సోఫియా ఖురేషీ పక్షాన నిలిచినది న్యాయస్థానం, ఆమెతో పాటు అన్ని మతాల పౌరులు. ఉస్మాన్ ఖబర్‌ను బాగుచేసినది ఆయన సైన్యం. అంటే మనల్ని కాపాడేది రాజ్యాంగం, దానిని నమ్మిన మనుషులు. ఆ రెండింటినీ బలపరచడమే మన పని.

స్వతంత్ర భారత సైనికుడు చేసే ప్రమాణం కూడా రాజ్యాంగానికే. రాజుకు కాదు, పార్టీకి కాదు, నాయకునికి కాదు. తన మత గ్రంథం సాక్షిగా ప్రమాణం చేస్తాడు. విధేయత మాత్రం రాజ్యాంగానికి. సైనిక శిబిరాలలో "సర్వ ధర్మ స్థల్" అనే ప్రార్థనా స్థలాలు ఉంటాయి. ఒకే కప్పు కింద మందిరం, మసీదు, గురుద్వారా, చర్చి. 2014 సెప్టెంబరులో కాశ్మీరులో వరదలు వచ్చినప్పుడు, అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కుదిపినప్పుడు సైనికులు, నావికులు వచ్చారు. వరద నీటిలో మేడమీద నిలబడి చెయ్యి ఊపే కుటుంబం దగ్గరకు పడవ వెళ్ళినప్పుడు, ముందుగా పేరు అడగదు. తిలంగా సిపాయికీ, రాజ్యాంగానికి ప్రమాణం చేసిన జవానుకూ తేడా ఇదే. ఇతడు సేవ చేసేది తనను పుట్టించిన ప్రజలకు, వారందరికీ సమానంగా.

అలాంటప్పుడు, ఆ సమానత్వం తప్పిన చోట నోరు విప్పడం సైనికుణ్ణి అవమానించడం కాదు. మన హైదరాబాదు చరిత్రే చూడండి. ఉస్మాన్ అమరుడైన రెండున్నర నెలలకు, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటిని మనం దాచకూడదు. ఆ తరువాత జిల్లాలలో వేలాది అమాయక ముస్లింలు హతులు కావడం కూడా నిజం. కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం ఆ సంగతి రాసింది. కొన్ని చోట్ల యూనిఫారంలో ఉన్నవారు కూడా పాల్గొన్నారని రాసింది. ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించి కూడా రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల ముందుకు రాలేదు. ఝంగర్‌లో ప్రాణమిచ్చిన ఉస్మాన్ ఒకవైపు, మరాఠ్వాడా పల్లెల్లో చనిపోయినవారి భార్యలు ఒకవైపు. ఇద్దరూ ఒకే ఏడాదివారు, ఒకే దేశంవారు. చరిత్ర చదివే పిల్లకు నేను ఇద్దరి సంగతీ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఆమె నన్ను నమ్మదు.

ఇక మనం చేయవలసిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

రేపు జెండా ఎగరవేయండి. భయంతో కాదు, ఎవరో వీడియో తీస్తున్నారని కాదు. అది మన జెండా గనుక ఎగరవేయండి. దాని నమూనాను 1921లో బెజవాడలో గాంధీజీకి ఇచ్చినవాడు మన తెలుగువాడు పింగళి వెంకయ్య. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన కూడా బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాడే. మిఠాయి పంచిన తరువాత రాజ్యాంగ పీఠికను తెలుగులో, ఉర్దూలో పిల్లలచేత చదివించండి. రెండు నిమిషాలు కూడా పట్టదు.

మీ ఊరిలో ఉన్న మాజీ సైనికులను, అమరుల భార్యలను, తల్లులను వేడుకకు పిలవండి. ముస్లింలనే కాదు, అందరినీ పిలవండి. ఈ ఏప్రిల్ 24న ఉధంపూర్‌లో ప్రాణమిచ్చిన హవల్దార్ ఝంటూ అలీ షేక్ బెంగాల్ బిడ్డ. మే 9న నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన అగ్నివీర్ మురళీ నాయక్ మన శ్రీ సత్యసాయి జిల్లా తండా బిడ్డ. రెండు ఇళ్ళ శోకమూ మనదే. శాలువా కప్పి పంపించివేయకుండా, పింఛను సక్రమంగా వస్తున్నదా, వైద్య కార్డు ఉన్నదా, పిల్లల ఫీజు రాయితీ అందుతున్నదా అని అడగండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ దరఖాస్తు ఇవ్వాలో తెలియని వితంతువులు మన మధ్యనే ఉన్నారు. చదువుకున్న యువకులు ఇద్దరు వారి వెంట వెళ్ళి ఆ కాగితాలు పూర్తి చేయిస్తే అంతకంటే మంచి స్వాతంత్ర్యోత్సవం ఉండదు.

మన యువకులలో సైన్యంలో చేరాలనుకునేవారు ఉన్నారు. వారికి దారి చూపండి. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాదులలో నియామక కార్యాలయాలు ఉన్నాయి. అదే సమయంలో సంగతి పూర్తిగా చెప్పండి. 2022 నుండి అగ్నిపథ్ పథకం కింద జవాన్లను నాలుగేళ్ళకే తీసుకుంటున్నారు. ఆ తరువాత నలుగురిలో ఒకరిని మించి కొనసాగించరు. మిగిలినవారికి పింఛను లేదు. ఇంటికి వచ్చే కుర్రవానికి తరువాతి చదువు, ఉద్యోగం గురించి ముందే ఆలోచించాలి. చేరడం ఇష్టం లేని యువకుణ్ణి ఎవరూ తక్కువగా చూడనక్కరలేదు. టీచరుగా, నర్సుగా, డ్రైవరుగా, రైతుగా నిజాయితీగా పనిచేసేవాడు కూడా దేశసేవకుడే.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే గ్రామం ఉన్నది. ఇంటింటి నుండి సైన్యానికి వెళ్ళినందున "మిలటరీ మాధవరం" అనే పేరు వచ్చింది. ప్రపంచ యుద్ధాలకు వెళ్ళినవారి జ్ఞాపకాన్ని ఆ ఊరు నిలుపుకున్నది. మన ఊళ్ళలో కూడా అలా వెళ్ళిన తాతలు ఉన్నారు. వారి పేర్లు ఏ రాయి మీదా లేవు. వారి పాత ఫోటోలు, డిశ్చార్జి పుస్తకాలు, ఉత్తరాలు ఇనుప పెట్టెలలో చెదలు తింటున్నాయి. సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల చరిత్రను ఓపికగా సేకరించి తెలుగులో పుస్తకాలుగా ఇచ్చారు. ఆ దారిలో మీ ఊరి సైనికుల చరిత్ర మీరు రాయండి. ఎవరికో చూపించడానికి కాదు. మన మనుమలు చదువుకోవడానికి రాయండి.

చివరగా, మా మనుమరాలి సంగతి. ఆ రాత్రి ఆ పిల్ల పేర్ల జాబితా చించివేయలేదు. దానిలో నుండి ఒక్కరిని ఎన్నుకున్నది. ఉస్మాన్ గారిని. రేపు బడిలో ఆమె మంచం మీద పడుకోని ఒక అధికారి గురించి, అనాథ బాలురకు అన్నం పెట్టిన ఒక మనిషి గురించి మాట్లాడుతుంది. "దేశభక్తులైన ముస్లింలు" అన్న శీర్షిక తీసివేసి "నౌషేరా బాలక్ సేన" అని పెట్టుకుంటానని టీచరుగారిని అడిగింది. ఆమె ఒప్పుకున్నారు. రైతు గురించి మాట్లాడే అమ్మాయి రైతు గురించి మాట్లాడినట్టే, మా పిల్ల ఉస్మాన్ గురించి మాట్లాడుతుంది. తన గురించి ఆమె ఎవరికీ రుజువు చెప్పుకోనక్కరలేదు.

అల్లాహ్ మన దేశంలో శాంతిని, న్యాయాన్ని నిలుపుగాక! సరిహద్దులలో కావలి కాస్తున్న ప్రతి తల్లి బిడ్డనూ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! అమరులైనవారి కుటుంబాలకు ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.

మీ అందరికీ స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు. జై హింద్.